గుడికి వెళ్లనివాళ్ల ఓటు

కార్వేటినగరంలో చూడదగ్గవేమిటని అడిగితే ఊరివాళ్లు ముందు వేణుగోపాలస్వామి గుడి పేరు చెబుతారు. తర్వాత స్కంద పుష్కరిణి చూపిస్తారు, ఆపైన రాజుల సంగతి ఎత్తుతారు. మూడూ ఒకే ముడిలోవి. గుడి రాజులది, కోనేరు రాజులది, పదకర్త సారంగపాణి పదాలు పుట్టిందీ ఆ సంస్థానం నీడలోనే. ఆ పదాల్లో ముద్ర కూడా వేణుగోపాలుడిదే.

పుత్తూరు, తిరుత్తణి వైపు పల్లెల్లో సేద్యగాళ్ల దగ్గర శిస్తు రాబట్టిందీ ఆ దివాణమే. స్వామి ముందు దీపం వెలిగించే చెయ్యి, కళ్లంలో లెక్క తేల్చే చెయ్యి ఒకటే అయినచోట, దేవుణ్ణి నమ్మనివాడు ఆ చేతిని ఎలా చూశాడు? వాడికి ఓటు దక్కాక సంప్రదాయం పేరుతో నడిచే నాయకుణ్ణి దేనితో తూచాడు? దక్షిణాదిలో నూరేళ్లుగా నడుస్తున్న కథ ఇది. అందులో పెద్ద ముక్క ఒకప్పటి కార్వేటినగరం జమీ చుట్టుపక్కలే జరిగింది.

1911లో చిత్తూరు జిల్లా ఏర్పడినప్పుడు ఉత్తరార్కాటు నుంచి కార్వేటినగరం, కాళహస్తి, పుంగనూరు, కంగుంది జమీలు వచ్చి చేరాయి. కడప నుంచి మదనపల్లె, వాయల్పాడు వచ్చాయి. జిల్లాలో సగం పల్లెలకు సర్కారంటే కలెక్టరు కాదు, జమీందారు. 1908 నాటి ఎస్టేట్ల భూముల చట్టం రైతుకు సాగు హక్కు రాసిచ్చింది కానీ, కాగితం మీది హక్కు కచేరీ గడప దాటి పొలానికి చేరడానికి చాలా కాలం పట్టింది.

1920లో మద్రాసు రాష్ట్రంలో తొలిసారి శాసనమండలికి పెద్ద ఎత్తున ఎన్నికలు జరిగాయి. ఓటు అందరికీ లేదు. ఆస్తి ఉండాలి, పన్ను కట్టి ఉండాలి. నాలుగు కోట్ల జనాభాలో ఓటర్లు సుమారు పన్నెండు లక్షలే. ఆ ఎన్నికల్లో 98 స్థానాలకు 63 గెలిచి బ్రాహ్మణేతరుల జస్టిస్ పార్టీ మంత్రివర్గం కట్టింది. 1921 జూలైలో ప్రధాన మంత్రి పదవికి వచ్చిన పనగల్ రాజా, అంటే పానుగంటి రామరాయణింగారు, పుట్టింది కాళహస్తిలో. కార్వేటినగరానికి పొరుగు జమీ అది. జమీందారీ కుటుంబం, సంస్కృత చదువు, శివక్షేత్రపు గాలి. సంప్రదాయ నాయకుడికి ఇంతకన్నా నిండైన నమూనా ఆ రోజుల్లో దొరకదు.

ఆయన చేసిన పనుల్లో అందరికన్నా ఎక్కువగా గుళ్లవాళ్లనే కలవరపెట్టినది హిందూ దేవాదాయ చట్టం. 1922లో బిల్లుగా వచ్చి, 1925లో చట్టమై, లోపాలు సరిచేసుకుని 1927లో మళ్లీ వచ్చింది. ధర్మకర్తలు, మఠాధిపతులు ఎవరికీ చెప్పకుండా ఖర్చుపెట్టే దేవుడి సొమ్ముకు ఒక బోర్డు, ఒక తనిఖీ, ఒక జమాఖర్చు పుస్తకం వచ్చాయి. మఠాల నుంచి, సనాతన సభల నుంచి గట్టి అభ్యంతరాలు లేచాయి. దేవుడి వ్యవహారంలో సర్కారు తల దూర్చడమేమిటన్నది వాళ్ల ప్రశ్న.

దేవుణ్ణే ఒప్పుకోనివాళ్లు ఈ చట్టాన్ని ఎలా చూశారన్నది అసలు విషయం. పెరియార్‌గా పేరుపడ్డ ఈరోడ్ వెంకటప్ప రామసామి 1925 మేలో 'కుడి అరసు' పత్రిక మొదలుపెట్టారు. ఆ ఏడాది నవంబరులో కాంచీపురం సభలో కాంగ్రెస్‌ను వదిలారు. ఆ తర్వాత ఆత్మగౌరవ ఉద్యమం కట్టి, దేవుడు, మతం, పురాణం, పురోహితుడు అన్నీ వద్దన్నారు. గుడి కూడదన్న మనిషి, గుడి ఆదాయాన్ని పద్దులోకి తెచ్చిన జమీందారును మెచ్చుకున్నారు, పత్రికలో ఆయన పక్షాన నిలిచారు. అందులో ఆయనకు తేడా ఏమీ కనిపించలేదు. పనగల్ రాజా నుదుటిమీద ఏముందన్నది పెరియార్‌కు పట్టలేదు. మఠం తాళంచెవి ఎవరి చేతిలోంచి ఎవరి చేతికి వెళ్లిందన్నదే ఆయన చూశారు. నాస్తికుల ఓటు లెక్క ఇక్కడే మొదలైందని చెప్పవచ్చు.

ఈ లెక్క మన దేశానికే ప్రత్యేకం కాదు. 1880లో ఇంగ్లండులోని నార్తాంప్టన్ ఓటర్లు చార్లెస్ బ్రాడ్లా అనే పచ్చి నాస్తికుణ్ణి పార్లమెంటుకు పంపారు. దేవుడి పేరిట ప్రమాణం చేసే విషయమై గొడవ లేచి ఆయనను సభలో కూర్చోనివ్వలేదు. ఊరు ఆయన్ను మళ్లీ మళ్లీ గెలిపించింది, సభ మళ్లీ మళ్లీ బయటికి పంపింది. 1883లో ప్రమాణం బదులు మాట ఇస్తే చాలనే బిల్లు తెచ్చి, దాని తరఫున మాట్లాడిన ప్రధాని గ్లాడ్‌స్టన్ మహా భక్తుడు. బిల్లు ఓడింది. బ్రాడ్లా సభలో కూర్చోవడానికి 1886 దాకా ఆగాల్సి వచ్చింది. ఆ బ్రాడ్లాతో కలిసి నాస్తిక సంఘాన్ని నడిపిన అనీబిసెంట్ తర్వాత దివ్యజ్ఞాన సమాజంలో చేరి, మద్రాసు వచ్చి, 1915లో చిత్తూరు జిల్లా మదనపల్లెలో కాలేజీ పెట్టించారు. మద్రాసులో జస్టిస్ పార్టీ వాళ్లు ఆమెను బ్రాహ్మణుల పక్షం మనిషిగా చూశారు. ఒకప్పటి నాస్తికురాలు సంప్రదాయం వైపు, జమీందారు సంస్కరణ వైపు నిలబడిన కాలం అది.

అయినా జమీందారును మెచ్చుకోవడంలో ఒక చిక్కుంది. గుడి తాళంచెవి తీసుకున్న చెయ్యే పొలం శిస్తు కూడా పిండుతుంది. ఈ చిక్కు బయటపడింది తిరుత్తణి వైపు పుట్టిన ఒక న్యాయవాది కథలో.

బొల్లిని మునుసామి నాయుడు తిరుత్తణి దగ్గర వేలంజేరిలో 1885లో పుట్టారు. తిరుత్తణి అప్పటికి కార్వేటినగరం జమీ పరిధిలోది. 1930 అక్టోబరులో మద్రాసు రాష్ట్ర ప్రధాన మంత్రి అయ్యారు. జస్టిస్ పార్టీలో జమీందారు కానివాడు, సేద్యగాళ్ల ఇంటివాడు. ఆయన పదవిలోకి వచ్చేసరికి ప్రపంచమంతా మాంద్యం. వడ్ల ధర పడిపోయింది, శిస్తు మాత్రం పడలేదు. పార్టీలోని జమీందారుల వర్గానికి ఆయన పొసగలేదు. 1932 అక్టోబరులో తంజావూరు పార్టీ మహాసభ రసాభాస అయింది. నవంబరు మొదటివారంలో ఆయన దిగిపోయారు, బొబ్బిలి రాజా ఎక్కారు. మునుసామి నాయుడు 1935లో కన్నుమూశారు. కార్వేటినగరం సీమ నుంచి రాష్ట్రం పైస్థానానికి చేరిన ఈ మనిషి గురించి ఆ సీమలోనే ఇవాళ ఎంతమందికి తెలుసో అని తలుచుకుంటే బాధ కలుగుతుంది.

ఆ సమయంలో ఆత్మగౌరవ ఉద్యమం ఎవరి పక్షం వహించాలి? పెరియార్ 1931, 32ల్లో సోవియట్ దేశం, ఐరోపా చుట్టి వచ్చారు. రాగానే ఈరోడ్ కార్యక్రమం పేరుతో సమధర్మ ప్రణాళిక రాశారు. 1934లో సవరించిన కార్యక్రమాన్ని కాంగ్రెస్ ముందూ జస్టిస్ పార్టీ ముందూ పెట్టారు. బొబ్బిలి రాజా నాయకత్వంలోని జస్టిస్ పార్టీ ఒప్పుకుంది. పెరియార్ వాళ్లతో నిలిచారు. ఆయన తోడు నడిచిన జీవానందం వంటి యువకులకు ఇది మింగుడు పడలేదు. దేవుణ్ణి కాదన్నవాళ్లం, భూమికి దేవుడిలా కూర్చున్న జమీందారును ఎలా ఒప్పుకుంటామని నిలదీసి విడిపోయారు, సామ్యవాదం వైపు వెళ్లారు. 1937 ఎన్నికల్లో జస్టిస్ పార్టీ తుడిచిపెట్టుకుపోయింది. బొబ్బిలి రాజా సొంత గడ్డమీద వి.వి. గిరి చేతిలో ఓడిపోయారు.

విడిపోయిన ఆ యువకుల ప్రశ్న న్యాయమైనది. పురోహితుణ్ణి అదుపు చేసినందుకు జమీందారుకు శిస్తు మాఫీ చేసినట్లయింది పెరియార్ లెక్క. దానికి ఆయన దగ్గర ఒక సమాధానం ఉంది. కాంగ్రెస్ వెనక తనకు కనిపించిన అగ్రహారపు పెత్తనం, జమీందారుకన్నా తనకు ఎక్కువ భయం పుట్టించిందని. ఆ భయం ఎంతవరకు సరైనదో చరిత్రకారులు ఇంకా వాదించుకుంటున్నారు.

బొబ్బిలి మంత్రివర్గం కాలంలోనే ఇంకో పెద్ద మార్పు జరిగింది. తిరుమల ఆలయం 1843 నుంచి హాథీరాంజీ మఠం మహంతుల పాలనలో ఉండేది. 1933లో మద్రాసు శాసనసభ చేసిన ప్రత్యేక చట్టంతో అది కమిటీ చేతికి, సర్కారు నియమించే కమిషనరు చేతికి వచ్చింది. కొండకింది ఊళ్లలో ఆ మార్పు ఎంత పెద్దదో ఇప్పుడు ఊహించడం కష్టం. దేవుడి సొమ్ము లెక్క శాసనసభలో ప్రశ్నగా లేవవచ్చన్నది అంతకుముందు లేని మాట.

సంప్రదాయ నాయకుల్లో ప్రత్యేకంగా తలచుకోవలసినవారు ఓమందూరు రామసామి రెడ్డియార్. 1947 మార్చి నుంచి 1949 ఏప్రిల్ దాకా మద్రాసు ప్రధానమంత్రి. గట్టి ఆస్తికుడు, రమణ మహర్షి భక్తుడు, నిరాడంబరంగా బతికినవాడు. ఆయన హయాంలో జరిగినవి చూడండి. 1947లో ఆలయ ప్రవేశ చట్టం వచ్చింది, గుళ్లన్నీ దళితులకు తెరవాలని. అదే ఏడాది దేవదాసీ వ్యవస్థను నిషేధించే చట్టం వచ్చింది. 1948లో జమీందారీలను రద్దుచేసే చట్టం. మూడు చట్టాలూ కార్వేటినగరం లాంటి చోటును మూడు వైపుల నుంచి తాకాయి: గుడి గడప, గుడిలో ఆడిన ఆడపిల్ల బతుకు, గుడి కట్టించిన రాజు భూమి.

దేవదాసీ చట్టం వెనక ఇరవై ఏళ్ల పోరాటం ఉంది. 1927లో డాక్టర్ ముత్తులక్ష్మీ రెడ్డి మద్రాసు మండలిలో తీర్మానం పెట్టారు. దేవాలయ సంప్రదాయమనీ కళ పోతుందనీ వాదించి అడ్డుపడిన వాళ్లలో కాంగ్రెస్ నాయకుడు సత్యమూర్తి ముందున్నారు. ఆత్మగౌరవ ఉద్యమం ముత్తులక్ష్మి పక్షాన నిలిచింది. కళ పోకూడదన్న బెంగ నిజమైనదే. సారంగపాణి పదాలు ఇవాళ నాట్యవేదికల మీద వినపడుతున్నాయంటే ఆ కాలపు ఆడవాళ్ల గొంతులోనే అవి బతికాయి కాబట్టి. కానీ చిన్నపిల్లను దేవుడి పేరిట ముడిపెట్టి ఆ బతుకులోకి తోసే ఆచారం ఆ కళకు చెల్లించిన మూల్యం. ఆ మూల్యం ఇకపై చెల్లించనక్కర్లేదని చట్టం చేసిన ప్రభుత్వానికి పెద్ద, పరమ భక్తుడు.

ఓమందూరార్‌ను ఆయన ప్రత్యర్థులు గడ్డంలేని రామసామి అని ఎద్దేవా చేశారు. గడ్డమున్న రామసామి, అంటే పెరియార్, చేయాలనుకున్నదాన్ని ఈయన చేస్తున్నాడని దెప్పడం. నిందగా అన్న ఆ మాట వింటే నాస్తికులు ఆయన్ను ఎందుకు గౌరవించారో తెలుస్తుంది. పొద్దున్నే పూజ చేసుకుని సచివాలయానికి వెళ్లి, పూజారి పెత్తనాన్ని, జమీందారు హక్కును రద్దుచేసే కాగితం మీద సంతకం పెట్టే మనిషితో నమ్మకం లేనివాడికి గొడవేముంటుంది?

రాజాజీ విషయం అంత సులువు కాదు. 1939లో ఆలయ ప్రవేశానికి రక్షణ కల్పించే చట్టం తెచ్చింది రాజాజీయే. మధుర మీనాక్షి గుడిలోకి ఆ ఏడాది జూలైలో హరిజనులు, నాడార్లు అడుగుపెట్టిన తర్వాత వచ్చిన చట్టం అది. 1953లో అదే రాజాజీ పల్లె పిల్లలకు సగం పూట బడి, మిగతా సగం ఇంటి పని నేర్వాలన్న ప్రాథమిక విద్యా పథకం తెచ్చారు. తండ్రి కులవృత్తే కొడుక్కి అంటగట్టే పథకమని పెరియార్ 'కులకల్వి' అంటూ లేచారు. ఆ పథకం వచ్చేనాటికి చిత్తూరు జిల్లా ఇంకా మద్రాసులోనే ఉంది, ఆంధ్ర రాష్ట్రం పుట్టింది ఆ అక్టోబరు 1న. రాజాజీ 1954లో ముఖ్యమంత్రి పదవి వదిలారు. ఒకే నాయకుడు గుడి తలుపు తెరిస్తే మెచ్చుకున్నారు, బడి సగం మూస్తే తిరగబడ్డారు. నుదుటి నామం రెండుసార్లూ అదే. 1972 డిసెంబరులో రాజాజీ పోయినప్పుడు తొంభై మూడేళ్ల పెరియార్ చక్రాల కుర్చీలో శ్మశానానికి వచ్చి కన్నీరు పెట్టుకున్నారు.

ఆంధ్ర వైపు నాస్తికత్వం వేరే రంగు దిద్దుకుంది. తెనాలి మునిసిపల్ చైర్మన్‌గా పనిచేసిన త్రిపురనేని రామస్వామి చౌదరి పురాణాలను తిరగరాశారు. గోరా 1940లో ముదునూరులో నాస్తిక కేంద్రం పెట్టి తర్వాత విజయవాడకు మార్చారు. సనాతన హిందువునని చెప్పుకున్న గాంధీ దగ్గరికి ఈ నాస్తికుడు వెళ్లి వాదించారు, ఆయనతో కలిసి పనిచేశారు. గోరా కూతురు మనోరమను దళిత యువకుడికి ఇచ్చి సేవాగ్రామ్‌లో పెళ్లి చేయడానికి గాంధీ ఒప్పుకున్నారు. గాంధీ హత్య జరిగాక 1948 మార్చిలో అక్కడే ఆ పెళ్లి జరిగింది.

కమ్యూనిస్టులకు దేవుడి ఊసు పెద్దగా లేదు, భూమి ఊసే ఎక్కువ. 1952 ఎన్నికల్లో అనంతపురంలో తరిమెల నాగిరెడ్డి తన బావ నీలం సంజీవరెడ్డిని ఓడించారు. 1955లో కాంగ్రెస్ కూటమి కట్టి దిగినప్పుడు కమ్యూనిస్టులకు ఓట్లు మూడోవంతు దాకా వచ్చినా సీట్లు 196కి 15 మాత్రమే దక్కాయి.

చిత్తూరు ఆ రోజుల్లో ఎన్నుకున్న ఇద్దరు పెద్దలను పక్కపక్కన పెడితే ఈ ఓటు లెక్క ఎంత మెలికదో తెలుస్తుంది. ఒకరు మాడభూషి అనంతశయనం అయ్యంగార్. తిరుచానూరులో 1891లో పుట్టిన వైష్ణవ పండితుడు, కాంగ్రెస్ వాడు, 1956 నుంచి 1962 దాకా లోక్‌సభ స్పీకర్. 1962లో బీహార్ గవర్నరుగా వెళ్తూ చిత్తూరు సీటు ఖాళీ చేశారు. దానికి వచ్చినవారు రెండోవారు, ఎన్.జి. రంగా. ఆ ఏడాది సార్వత్రిక ఎన్నికలో తెనాలిలో కమ్యూనిస్టు అభ్యర్థి కొల్లా వెంకయ్య చేతిలో ఓడి, చిత్తూరు ఉపఎన్నికలో గెలిచారు.

రంగా అప్పటికి స్వతంత్ర పార్టీ అధ్యక్షుడు. 1959లో కాంగ్రెస్ నాగపూర్ సభ సహకార సేద్యం తీర్మానం చేశాక, రాజాజీ, రంగా, మీనూ మసానీ కలిసి పెట్టిన పార్టీ అది. సర్కారు పెత్తనం తగ్గాలి, రైతు భూమి రైతుదే అన్నది దాని మాట. రాజాజీ రామాయణ భారతాలు రాసిన భక్తుడు. మసానీ ఒకనాటి సోషలిస్టు. రాజులు, జమీందారులు కూడా వచ్చి చేరారు. ముప్పైల్లో జమీ రైతుల తరఫున వెంకటగిరి రాజాపై పోరాడిన రంగా, జమీందారులతో ఒకే వేదికెక్కవలసి వచ్చింది. ఆంధ్రప్రదేశ్ శాసనసభలో 1962లో ఆ పార్టీకి 19 సీట్లు, 1967లో 29 సీట్లు వచ్చాయి. హేతువాదం ఎక్కువగా పాకిన తెనాలి సీమలో రంగా ఓడారు, గుళ్ల సీమలో గెలిచారు. దీన్ని మతానికి ముడిపెట్టి చెబితే తేలిక. కానీ తెనాలిలో ఓడించింది దేవుడి గొడవ కాదు. భూమి పంచాలా వద్దా అన్న గొడవ. చిత్తూరులో గెలిపించినదానిలోనూ భక్తికన్నా, చేతికందిన రెండెకరాలు పోతాయేమోనన్న భయానిదే పెద్ద వాటా అనిపిస్తుంది.

నమ్మకం లేని ఓటర్లు ఎంతమంది? 2011 జనగణనలో మతం చెప్పనివారి లెక్క దేశమంతటా 28.7 లక్షలు. గుడికి వెళ్లరు కానీ గణన కాగితంలో హిందువు అని రాయించుకున్నవాళ్ల లెక్క ఎక్కడా ఉండదు. అందుకే ఈ చరిత్రను సంఖ్యల్లోకన్నా పేర్లలో, చట్టాల్లో వెతకడం మేలు. రాజ్యాంగ సభ 1949 అక్టోబరు 17న పీఠికలో దేవుడి పేరు చేర్చాలన్న హెచ్.వి. కామత్ సవరణను 41కి 68 ఓట్లతో తోసిపుచ్చింది. ఆ 68 మందిలో భక్తులు చాలామందే ఉండి ఉంటారు. దేవుణ్ణి నమ్మనివాడి మీద దేవుణ్ణి రుద్దకూడదన్నది వాళ్ల పట్టింపు.

చివరి ముక్క తిరుపతిది. 1982 మార్చిలో తెలుగుదేశం పెట్టిన ఎన్.టి. రామారావు 1983లో తిరుపతి, గుడివాడ రెండుచోట్లా గెలిచారు. తెరమీద రాముడిగా, కృష్ణుడిగా చూసిన జనం ఆయనకు హారతులు పట్టారు. తర్వాత ఆయన కాషాయం కట్టారు. 1984 ఆగస్టులో ఆయన ప్రభుత్వాన్ని కూలదోసినప్పుడు వీధుల్లోకి వచ్చినవాళ్లలో ఎర్రజెండావాళ్లు ముందున్నారు. 1985లో ఎర్రజెండా పార్టీలు ఆయనతో పొత్తు పెట్టుకున్నాయి. దేవుణ్ణి నమ్మని కార్యకర్త కాషాయం కట్టిన నాయకుడి కోసం ఊరేగింపులో నడిచాడు. ఎందుకంటే కేంద్రం గవర్నరు ద్వారా చేసింది అన్యాయమని అతనికి తోచింది. అంతకుముందే, 1984 జనవరిలో, తరతరాలుగా ఊరిని ఏలిన కరణం, మునసబు పదవులను ఆ నాయకుడే రద్దుచేశారు.

జస్టిస్ చల్లా కొండయ్య కమిషన్ సిఫారసుల మీద 1987 దేవాదాయ చట్టం వచ్చింది. అర్చకుల మిరాశీ హక్కు, అంటే తండ్రి నుంచి కొడుక్కి గుడి దక్కే హక్కు, పోయింది. తిరుమల దాకా అన్ని గుళ్లకూ అదే. అర్చకులు సుప్రీంకోర్టు దాకా వెళ్లారు. 1996లో కోర్టు చట్టాన్ని నిలిపింది. అర్చన మతానికి సంబంధించిందే, కానీ ఎవరు అర్చకుడు కావాలన్న వంశహక్కు మతంలో తప్పనిసరి భాగం కాదన్నది తీర్పు సారం. కాషాయం కట్టిన ముఖ్యమంత్రి తెచ్చిన చట్టం ఇది. పెరియార్ బతికి ఉంటే దీన్ని ఏమనేవారో ఊహించడం కష్టం కాదు.

అయితే మిరాశీ పోయిన అర్చకుడి ఇంట్లో ఆ ఏడాది ఏం జరిగిందో కూడా మరవకూడదు. పెత్తనం పోయిందని సంతోషించినవాళ్లు, ఆ పొయ్యిలో పిల్లి లేవని రోజులను చూడలేదు. చిన్న ఊళ్ల గుళ్లల్లో అర్చకుడి చేతికి వచ్చేది పళ్లెంలో పడే చిల్లరే. తిరుమల లెక్క వేరు, పల్లె గుడి లెక్క వేరు. రెంటినీ ఒకే కత్తితో కోసిన చట్టంలో ఆ లోటు ఉంది.

కార్వేటినగరం వేణుగోపాలస్వామి గుడి ఇప్పుడు తిరుమల తిరుపతి దేవస్థానాల పాలనలో ఉంది. రాజు లేడు, దివాణం లేదు. ఊరు 2008 పునర్విభజనలో షెడ్యూల్డు కులాలకు రిజర్వు అయిన గంగాధర నెల్లూరు నియోజకవర్గంలో చేరింది. ఎన్నికైన సభ్యుడు శాసనసభలో దేవుడి పేరిట ప్రమాణం చేయవచ్చు, లేదా మనస్సాక్షి మీద మాట ఇవ్వవచ్చు. ఆ సభలో మెజారిటీ ఎవరికి దక్కితే వాళ్ల ప్రభుత్వమే దేవస్థానాల బోర్డును వేస్తుంది. ఆ బోర్డే స్కంద పుష్కరిణిలో స్వామి తెప్పోత్సవానికి ఖర్చు మంజూరు చేస్తుంది. పోలింగు నాడు ఊరి బడి ముందు వరుసలో నిలబడే వాళ్లలో ఆ తెప్ప ఎన్నడూ చూడనివాళ్లూ ఉంటారు.